షీటు అంచు పట్టే వేళ్లు: ఆఫ్‌సెట్ మెషిన్లో రంగు ఎక్కడ తప్పుతుంది?

సినిమా పోస్టరులో హీరోయిన్ పెదవుల ఎరుపు కాస్తా గడ్డం మీదికి జారి ఉండటం అందరూ ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. ప్రెస్సుల్లో దీన్ని ‘రిజిస్ట్రేషన్ అవుట్’ అంటారు. రంగులన్నీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవడమే రిజిస్ట్రేషన్. ఎందుకిలా అయిందని అడిగితే ఒకరు ప్లేటు (ఒక్కో రంగు బొమ్మ ఉండే రేకు) తేడా అంటారు, ఒకరు పేపరు తేమ పట్టిందంటారు, ఇంకొకరు సీటీపీ (కంప్యూటర్ నుంచి నేరుగా ప్లేటు తయారుచేసే) వాళ్ల మీదికి తోసేస్తారు. ఎవరూ పేరెత్తని భాగం ఒకటుంది. అది సిలిండరు గాడిలో ఉంటుంది కాబట్టి మెషిన్ నడుస్తుంటే కనిపించదు. షీటు ముందు అంచును కొన్ని మిల్లీమీటర్ల మేర పట్టుకుని లాక్కెళ్లే ఇనుప వేళ్ల వరస. వాటినే గ్రిప్పర్లు అంటారు.

పట్టుకోవడం ఎందుకంత కష్టమో తెలియాలంటే వేగం లెక్క చూడాలి. ఇప్పటి షీట్‌ఫెడ్ (విడివిడి షీట్ల మీద అచ్చువేసే) ఆఫ్‌సెట్ మెషిన్ గంటకు 15,000 షీట్లు కొట్టడం మామూలు విషయం. అంటే సెకనుకు నాలుగు షీట్లకు పైనే. నలభై అంగుళాల మెషిన్లో ఆ వేగం దగ్గర సిలిండరు ఉపరితలం సెకనుకు మూడు మీటర్లకు మించి కదులుతుంది. మరోవైపు ఫోర్ కలర్ బొమ్మలోని చుక్కలను చూడండి. 175 లైన్ల స్క్రీన్‌లో (అంటే అంగుళానికి 175 వరసల చుక్కలు) ఒక చుక్కకీ పక్క చుక్కకీ మధ్య దూరం 0.145 మిల్లీమీటర్లు. ఒక రంగు పదో వంతు మిల్లీమీటరు పక్కకి పోయినా సన్నని అక్షరాల అంచుల్లోనూ, ముఖాల్లోనూ తేడా తెలిసిపోతుంది. ఆ వేగంతో పోతున్న కాగితం నాలుగు రంగుల కిందా ఒకే చోట, వెంట్రుక మందం తేడా కూడా రాకుండా నిలవాలి. దాన్ని పట్టి ఉంచేది మాత్రం ఒక్క అంచే. మిగతా షీటంతా వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది.

దినపత్రికలు కొట్టే వెబ్ మెషిన్లకు ఈ బాధ లేదు. అక్కడ కాగితం రీలు నుంచి తెగకుండా వస్తుంది, టెన్షనే దాన్ని అదుపులో ఉంచుతుంది. అయినా చివర మడతపెట్టి కోసే ఫోల్డరు దగ్గరికి వచ్చేసరికి అక్కడా ఏదో ఒకటి కాగితాన్ని పట్టుకోక తప్పదు. రేపు పొద్దున పేపరు వచ్చాక పేజీ పైఅంచో కింది అంచో వెలుతురుకు అడ్డంగా పెట్టి చూడండి. రంపపు పళ్లలా కోసిన అంచుకు దగ్గర్లో సూది గుచ్చినట్టు చిన్న చిల్లులు వరసగా కనిపిస్తాయి. ఫోల్డరు సిలిండరులోని పిన్నులు కాగితాన్ని గుచ్చి పట్టుకున్న గుర్తులవి. న్యూస్‌ప్రింటు కాబట్టి చిల్లు పడినా ఎవరూ అడగరు. కేలండరుకు, పుస్తకం అట్టకు అలా కుదరదు. షీట్‌ఫెడ్‌లో గుచ్చకుండా, నలపకుండా, మచ్చ పడకుండా పట్టాలి.

ఈ ఉపాయం కొత్తదేం కాదు. 1814లో లండన్‌లో టైమ్స్ పత్రికను ఆవిరి యంత్రంతో అచ్చువేసిన ఫ్రెడరిక్ కోనిగ్ సిలిండరు మెషిన్లో కాగితాన్ని చట్రాలతో, నాడాలతో నడిపించేవారు. తెరుచుకుని మూసుకునే గ్రిప్పర్లను సిలిండరుకు బిగించిన ఘనత 1820ల్లో లండన్‌లోనే మెషిన్లు చేసిన డేవిడ్ నేపియర్‌కు ఇస్తారు. రెండు వందల ఏళ్లు గడిచినా మూల సూత్రం అదే. మారిందల్లా వేగం, ఉక్కు నాణ్యత, ఎంత తేడాను సహిస్తామన్న లెక్క.

గ్రిప్పర్ అంటే ఒంటరి భాగం కాదు. సిలిండరు గాడిలో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒక షాఫ్టు ఉంటుంది. దాని మీద పదీ పన్నెండో, పెద్ద మెషిన్లలో ఇంకా ఎక్కువో వేళ్లు బిగించి ఉంటాయి. ఒక్కో వేలి కింద ఒక ప్యాడ్. వేలికీ ప్యాడ్‌కీ మధ్య షీటు అంచు ఇరుక్కుంటుంది. షాఫ్టు చివర చిన్న రోలరు, అది మెషిన్ ఫ్రేముకు బిగించిన క్యామ్ మీద దొర్లుతుంది. క్యామ్ ఎత్తుపల్లాలను బట్టి షాఫ్టు కాస్త తిరిగి వేళ్లు తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. చాలా మెషిన్లలో తెరిచేది క్యామ్, మూసి పట్టేది స్ప్రింగు. కొన్నిటిలో క్యామే మూస్తుంది. స్ప్రింగుతో మూసుకునే రకంలో ఒక సంగతి మరిచిపోకూడదు. వేళ్లు మూసుకున్నప్పుడు రోలరుకూ క్యామ్‌కూ మధ్య సన్నని ఖాళీ ఉండాలి. రోలరు తాకుతూనే ఉంటే స్ప్రింగు బలం కాగితం మీదికి రాదు, క్యామ్ మీదే ఆగిపోతుంది. చూడ్డానికి గ్రిప్పర్ మూసుకున్నట్టే ఉంటుంది, పట్టు మాత్రం ఉండదు.

ఇక షీటు ప్రయాణం. ఫీడర్లో (షీట్లు అందించే భాగంలో) సక్కర్లు పై షీటును పీల్చి ఎత్తుతాయి, పక్కనుంచి వచ్చే గాలి దాన్ని కింది షీటు నుంచి విడదీస్తుంది. బోర్డు మీద జారుకుంటూ వెళ్లి షీటు ఫ్రంట్ లేలకు (ముందు అంచును ఆపే గైడ్లకు) తగిలి ఆగుతుంది. సైడ్ లే దాన్ని పక్కకు లాగి సరిచేస్తుంది. ఈ క్షణంలో షీటు దాదాపు నిలిచిపోయి ఉంటుంది. అక్కడ సిలిండరేమో సెకనుకు మూడు మీటర్ల వేగంతో తిరుగుతోంది. ఈ రెండిటి మధ్య తేడాను తీర్చేది స్వింగ్ గ్రిప్పర్. ఆగి ఉన్న షీటును నెమ్మదిగా అందుకుని, ఊపందుకుని, సిలిండరు వేగానికి చేరాక ఇంప్రెషన్ సిలిండరు (అచ్చు పడేటప్పుడు కాగితాన్ని ఒత్తే సిలిండరు) గ్రిప్పర్లకు అప్పగిస్తుంది. అక్కడ మొదటి రంగు పడుతుంది. ఆ తర్వాత ట్రాన్స్‌ఫర్ సిలిండరు, రెండో ఇంప్రెషన్ సిలిండరు, మళ్లీ ట్రాన్స్‌ఫర్... ఇలా సాగి చివరికి డెలివరీ చైను మీది గ్రిప్పర్ బార్లు షీటును తీసుకెళ్లి పైల్ (షీట్ల దొంతర) మీద వదులుతాయి. రెండు యూనిట్ల (ఒక్కో రంగు వేసే భాగాల) మధ్య ఒక్కటే ట్రాన్స్‌ఫర్ సిలిండరు ఉందనుకున్నా నాలుగు రంగుల మెషిన్లో షీటు కనీసం ఎనిమిది సార్లు చేతులు మారుతుంది.

అసలు కిటుకు ఈ చేతులు మారడంలో ఉంది. స్లాబు వేసేటప్పుడు వరసగా నిలబడి సిమెంటు తట్టలు అందించుకునే కూలీలను చూడండి. అవతలి వాడు రెండు చేతులా పట్టుకున్నాడని తెలిశాకే ఇవతలి వాడు వదులుతాడు. ఒక్క క్షణం తట్ట ఇద్దరి చేతుల్లోనూ ఉంటుంది. గ్రిప్పర్లదీ అదే పద్ధతి. రెండు సిలిండర్లు ఎదురెదురు పడే చోట ఒకదాని వేళ్ల సందుల్లోకి రెండోదాని వేళ్లు దూరేలా అమర్చి ఉంటాయి. కొన్ని డిగ్రీల తిరుగుడు మేర షీటు రెండు వరసల పట్టులోనూ ఉంటుంది. తర్వాతే మొదటి వరస తెరుచుకుంటుంది. క్యామ్ అరిగో, రోలరు అరిగో, షాఫ్టు బేరింగ్ వదులయ్యో ఈ ఉమ్మడి పట్టు సమయం తగ్గితే షీటు ఒక లిప్తపాటు ఎవరి చేతిలోనూ ఉండదు. ఆ లిప్తలోనే పదో వంతు మిల్లీమీటరు పోతుంది. ఉమ్మడి పట్టు ఎక్కువైనా చిక్కే. వదలాల్సిన గ్రిప్పర్ ఆలస్యంగా వదిలితే అంచు దగ్గర కాగితం ముడతపడుతుంది, చిరుగుతుంది.

ఇంకు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆఫ్‌సెట్ ఇంకు జిగురుగా ఉంటుంది. బ్లాంకెట్ (ప్లేటు నుంచి బొమ్మను అందుకుని కాగితం మీద వేసే రబ్బరు షీటు) మీది ఇంకు కాగితానికి అంటుకున్నాక కాగితాన్ని వదలనివ్వదు, తనతో పాటు పైకి లాగుతుంది. దాన్ని బ్లాంకెట్ నుంచి ఒలిచి తీసే పని గ్రిప్పర్లదే. తెల్లకాగితం మీద నాలుగు లైన్ల మేటరు ఉంటే ఈ లాగుడు లెక్కలోకి రాదు. షీటంతా నిండు నలుపో, నిండు నీలమో సాలిడ్‌గా ఉంటే మాత్రం బాగా ఎక్కువవుతుంది. అదే మెషిన్ నిన్న లెటర్‌హెడ్లు చక్కగా కొట్టి ఇవాళ బ్రోచర్ దగ్గర రంగులు తప్పడానికి ఇదొక కారణం. గ్రిప్పర్ పట్టు ఎప్పటినుంచో సడలి ఉంటుంది, సాలిడ్ వచ్చిన రోజున బయటపడుతుంది. చాలామంది ఇంకులో రెడ్యూసర్ (జిగురు తగ్గించేది) కలిపి దాన్ని అప్పటికి దాటేస్తారు. పని నడుస్తుంది, రోగం అలాగే ఉంటుంది.

సరే, రంగు తప్పింది. ఎవరిని పట్టుకోవాలి? నా దృష్టిలో ఇందుకు మెషిన్ విప్పడం కంటే ముందు చేయాల్సిన పని షీటును చదవడం. అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఏది దేనికి తప్పింది?

ఫోర్ కలర్ మెషిన్లో నాలుగు రంగులూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయి, కానీ బొమ్మ మొత్తం కాగితం అంచు నుంచి ఒక షీటులో ఒకలా, మరో షీటులో ఇంకోలా ఉంది. అప్పుడు తప్పు మొదటి రంగు పడకముందే జరిగింది. ఫీడరు, ఫ్రంట్ లే, సైడ్ లే, స్వింగ్ గ్రిప్పర్ వరకే వెతకాలి. అక్కడ దాటాక షీటు బాగానే ప్రయాణించింది. దీనికి తలకిందులుగా, నలుపు సరిగ్గా ఉండి ఎరుపు మాత్రం ఒక షీటుకీ ఇంకో షీటుకీ అటూ ఇటూ ఆడుతోందంటే ఆ రెండు రంగుల మధ్య ఉన్న గ్రిప్పర్ వరసల్లో ఎక్కడో జారుడు ఉంది. ఎరుపు ఆడటం లేదు, ప్రతి షీటులోనూ ఒకే పక్కకు, ఒకే దూరంలో తప్పి ఉందంటే అది గ్రిప్పర్ నేరం కాదు. ప్లేటు సరిచేస్తే పోతుంది. గ్రిప్పర్ జారితే ప్రతిసారీ ఒకే కొలతలో జారడం అరుదు.

ఇందులో నాకు బాగా నచ్చే పరీక్ష ఒకటుంది. డెలివరీ నుంచి వరసగా ఇరవై షీట్లు తీసి, వరస చెడకుండా మూలన పెన్సిల్‌తో 1, 2, 3 అని నంబర్లు వేయాలి. భూతద్దం పెట్టి రిజిస్ట్రేషన్ మార్కులు (రంగులు కలిశాయో లేదో చూసే గుర్తులు) ఒక్కొక్కటే చూడాలి. బేసి నంబర్లన్నీ బాగుండి సరి నంబర్లన్నీ తప్పాయనుకోండి, దొంగ దొరికినట్టే. చాలా మెషిన్లలో ట్రాన్స్‌ఫర్ సిలిండరు రెట్టింపు సైజులో ఉంటుంది, దానికి ఎదురెదురుగా రెండు గ్రిప్పర్ వరసలుంటాయి. ఒక షీటు ఒక వరసకు, తర్వాతి షీటు రెండో వరసకు పోతుంది. షీటు విడిచి షీటు తప్పుతోందంటే ఆ రెండింటిలో ఒకటి చెడిందన్నమాట. మూడు వరసలున్న సిలిండరైతే ప్రతి మూడో షీటు. ఏ లయా లేకుండా తప్పుతుంటే పేపరు మీదో ఫీడరు మీదో అనుమానం పెంచుకోవచ్చు. ఇరవై షీట్లు, ఒక పెన్సిలు, పావుగంట. ఇంత చౌకైన పరీక్షను వదిలేసి మెకానిక్‌కు ఫోన్ చేసే ప్రెస్సులే ఎక్కువ.

పేపరు నిజంగానే దోషి అయ్యే సందర్భమూ ఉంది. గ్రిప్పర్ వైపు అంచులో రంగులన్నీ సరిపోయి, వెనక అంచుకు పోయేకొద్దీ రెండు మూలల్లోనూ సమానంగా బయటికి విచ్చుకుంటే అది ఫ్యాన్ అవుట్. గ్రిప్పర్లు పట్టిన అంచు కదలదు. వెనక భాగం నీళ్ల తడికీ ఒత్తిడికీ వెడల్పుగా సాగుతుంది. తీరప్రాంతంలో వానాకాలం గోదాములో విప్పి పెట్టిన రీములతో ఇది ఎక్కువ. దీనికి గ్రిప్పర్లు బిగించి లాభం లేదు.

సింగిల్ కలర్ మెషిన్ మీద నాలుగుసార్లు వేసేచోట పైన చెప్పిన మొదటి సూత్రం (నాలుగు రంగులూ కలిసి కదిలితేనే తప్పు ఫీడరు వైపు ఉన్నట్టు అన్నది) పనిచేయదని గుర్తుంచుకోవాలి. అక్కడ ప్రతి రంగుకూ షీటు మళ్లీ ఫ్రంట్ లేల దగ్గరినుంచే మొదలవుతుంది. ఫీడర్ దగ్గర వచ్చిన చిన్న తేడా కూడా రంగు తేడాగానే కనిపిస్తుంది. అందుకే పాత మెషిన్‌మెన్‌లు పైల్ పక్కన పెన్నుతో అడ్డగీత గీసి, గ్రిప్పర్ వైపు ఏది, సైడ్ లే వైపు ఏది అని గుర్తు పెట్టుకునేవారు. నాలుగు రంగులకూ ఒకే అంచు గ్రిప్పర్‌లోకి వెళ్లాలి. ఒక్క రీము తిరగబడినా ఆ రీమంతా చెత్తే.

గ్రిప్పర్ సడలిందని తేలితే వెంటనే స్ప్రింగు బిగించడం మనవాళ్ల అలవాటు. ఇది సాధారణంగా రోగాన్ని పెంచుతుంది. వేళ్లన్నీ ఒకే షాఫ్టు మీద ఉన్నాయి. వాటిలో ఒక వేలు మిగతావాటి కంటే కాస్త కిందికి ఉంటే, మూసుకునేటప్పుడు ముందుగా అదే ప్యాడ్‌కు తగిలి బలమంతా తానే తీసుకుంటుంది. పక్క వేళ్లు పూర్తిగా మూసుకోకుండానే ఆగిపోతాయి. చూస్తే స్ప్రింగు బలంగానే ఉంటుంది, షీటు మాత్రం ఒక్క చోటే పట్టుబడి ఉంటుంది. దాని చుట్టూ తిరగడానికి ప్రయత్నిస్తుంది. అప్పుడు ఒక మూలలోనే రంగు తప్పుతుంది. ఇంకా బిగిస్తే కాగితం మీద గంటు పడుతుంది, షాఫ్టు బేరింగులు అరుగుతాయి.

సరైన పద్ధతి ఓపికది. ముందు కడగాలి. స్ప్రే పౌడరు (షీట్లు ఒకదానికొకటి అంటకుండా చల్లే పొడి), కాగితం దుమ్ము, ఎండిన ఇంకు కలిసి వేలి మొన మీదా ప్యాడ్ మీదా గట్టి పొరలా పేరుకుంటాయి. సగం రిజిస్ట్రేషన్ గొడవలు ఈ పొర గీకేస్తే పోతాయని నేను గట్టిగా నమ్ముతాను. తర్వాత షాఫ్టు ఆగే స్టాప్ దగ్గర పలుచని షిమ్ (లోహపు రేకు) పెట్టి, ఒక్కో వేలి కింద సన్నని కాగితం ముక్క దూర్చి, అన్నిటి దగ్గరా లాగినప్పుడు ఒకే రకమైన పట్టు తగిలేదాకా స్క్రూ తిప్పుతారు. అన్నీ సరిపోయాక షిమ్ తీసేస్తే వేళ్లన్నీ ఒకేసారి, ఒకే బలంతో ప్యాడ్ మీద కూర్చుంటాయి. ఇక్కడ కొలత పరికరం వేళ్ల మధ్య కాగితం ముక్కే. అనుభవమున్న మెషిన్‌మెన్ చెయ్యి ఆ లాగుడులో తేడాను పట్టేస్తుంది. కాగితం మారితే ప్యాడ్ ఎత్తు కూడా చూసుకోవాలి. 60 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) మ్యాప్‌లిథో కాగితానికి పెట్టిన ఎత్తులో 300 జీఎస్ఎం బోర్డు తోస్తే వేళ్లు ముందే తగిలి, మూసుకునే కోణమే మారిపోతుంది.

డెలివరీ గ్రిప్పర్లను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, అచ్చు అయిపోయింది కదా అని. అన్ని మెషిన్లలోనూ అది నిజం కాదు. ఇంప్రెషన్ సిలిండరు చిన్నదైతే షీటు ముందు అంచును డెలివరీ బారు అందుకునే సమయానికి వెనక అంచు ఇంకా బ్లాంకెట్ కిందే ఉంటుంది. ఆ పట్టు జారితే చివరి రంగులో, అదీ షీటు తోక వైపు మాత్రమే, చుక్కలు సాగినట్టు కనిపిస్తాయి. రెట్టింపు సైజు ఇంప్రెషన్ సిలిండరు ఉన్న మెషిన్లలో అచ్చు పూర్తయ్యాకే చేతులు మారతాయి కాబట్టి ఈ ఇబ్బంది ఉండదు.

గ్రిప్పర్ల ప్రస్తావన వచ్చి హైడెల్‌బర్గ్ విండ్‌మిల్‌ను వదిలేస్తే అన్యాయం. లెటర్‌ప్రెస్ రోజుల్లో చేత్తో షీటు పెట్టి, చేత్తో తీసే ట్రెడిల్‌కు బదులు, ఒకే ఇరుసు మీద ఎదురెదురుగా రెండు గ్రిప్పర్ చేతులు గాలిమరలా తిరిగే ఏర్పాటును జర్మనీలో కొలోన్‌కు చెందిన కార్ల్ గిల్కే రూపొందించాడు. హైడెల్‌బర్గ్ కంపెనీ ఆ మెషిన్‌ను 1914లో లైప్‌జిగ్ ప్రదర్శనలో పెట్టింది. ఒక చెయ్యి కొత్త షీటు అందుకుంటుంటే రెండోది అచ్చయిన షీటును దించుతుంది. కచ్చితమైన రిజిస్ట్రేషన్ కావాల్సినప్పుడు గ్రిప్పర్ ఒక్క క్షణం తెరుచుకుంటుంది. షీటు గైడ్ల మీద కూర్చున్నాక మళ్లీ పట్టుకుంటుంది. 1985లో తయారీ ఆగిపోయినా వీటికి గిరాకీ పోలేదు. ఇప్పటికీ పెళ్లి కార్డుల డై కటింగ్, క్రీజింగ్, బిల్లు బుక్కుల నంబరింగ్ దీని మీద కొట్టేవాళ్లున్నారు. టకటకమని తిరిగే ఆ చేతులను కాసేపు నిలబడి చూస్తే గ్రిప్పర్ పనంతా కళ్ల ముందే అర్థమైపోతుంది. ఆఫ్‌సెట్ మెషిన్లో అదే పని గార్డుల వెనక జరుగుతుంది.

డిజైన్ చేసేవాళ్లకు గ్రిప్పర్ ఎదురయ్యేది ఇంకో రూపంలో. గ్రిప్పర్ పట్టిన మేర అచ్చు పడదు. దీన్నే గ్రిప్పర్ మార్జిన్ అంటారు, మెషిన్‌ను బట్టి 8 నుంచి 12 మిల్లీమీటర్లు వదలాలి. తెలుగు పుస్తకాల్లో ఎక్కువగా కనిపించే 1/8 డెమీ సైజుతో లెక్క వేసి చూద్దాం. 18×23 అంగుళాల డెమీ షీటులో 18 అంగుళాల వైపు రెండు పేజీలు నిలువుగా వస్తాయి. కోసిన తర్వాత పేజీ ఎత్తు 8.5 అంగుళాలు, అంటే 215.9 మిల్లీమీటర్లు. రెండు పేజీలకు 431.8. షీటు 457.2. ఉత్త మేటరు పేజీలైతే గ్రిప్పర్ పడేది ఎలాగూ ఖాళీగా ఉండే అంచులోనే, ఎవరికీ బాధ లేదు. పేజీ నిండా రంగు ఉండి బ్లీడ్ (కోసే గీత దాటి వేసే రంగు) కావాలంటే ఒక్కో పేజీకి పైనా కిందా 3 మిల్లీమీటర్ల చొప్పున మరో 12 కలపాలి, మొత్తం 443.8 అవుతుంది. మిగిలింది 13.4. గ్రిప్పర్‌కు 10 పోతే తోక వైపు దక్కేది 3.4 మిల్లీమీటర్లు. అందులో కలర్ బార్ (రంగులు సరిచూసే పట్టీ) పట్టదు.

ఈ 3.4 కూడా ఒకే అంచును గ్రిప్పర్‌కు ఇచ్చినప్పటి మాట. షీటుకు రెండో వైపు కూడా అచ్చువేయాలంటే, వర్క్ అండ్ టర్న్ పద్ధతిలో దాన్ని పక్కకు తిప్పుతారు కాబట్టి రెండో వైపుకూ అదే గ్రిప్పర్ అంచు. వర్క్ అండ్ టంబుల్‌లో తలకిందులు చేస్తారు, తోక అంచు గ్రిప్పర్‌లోకి వెళ్తుంది. ఒకే పాస్‌లో రెండు వైపులా కొట్టే పర్ఫెక్టర్ మెషిన్లోనూ మధ్యలో షీటును తోక పట్టుకుని తిరగేస్తారు. ఆ రెండు పద్ధతుల్లో షీటుకు రెండు కొసలా గ్రిప్పర్ మార్జిన్ కావాలి. కాగితం కూడా నలుచదరంగా, ఒకే కొలతకు కోసి ఉండాలి, లేకపోతే ముందు వైపు అచ్చుకీ వెనక వైపు అచ్చుకీ పొంతన కుదరదు. పైన వేసిన లెక్క ప్రకారం బ్లీడ్ ఉన్న 1/8 డెమీ పుస్తకం ఈ షీటు మీద అలా పట్టదు. బ్లీడ్ మానుకోవాలి, లేదా పేజీ ఎత్తు తగ్గించాలి, లేదా పెద్ద షీటు కొనాలి. పేజీలు కట్టేశాక కాదు, లేఅవుట్ మొదలుపెట్టే ముందే ప్రెస్సుకు ఫోన్ చేసి గ్రిప్పర్ ఎంత, ఏ వైపు, షీటును ఎలా తిప్పుతారు అని అడగండి.